జామాయిల్ తోట ఇప్పుడే కొట్టాలా, తమ్ముడి మాట విని ఆగాలా?

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి కొండ కనిపించే ఒక ఊరి నుంచి ఒక రైతు వివరంగా ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వాళ్ల నాన్నగారు కొన్న ఆరెకరాల ఎర్రనేలలో కాగితపు గుజ్జు కోసం పెంచే జామాయిల్ (యూకలిప్టస్) తోట ఉంది. మొదటి కోత నాన్నగారి చేతుల మీదుగానే జరిగింది. ఇప్పుడున్నది మోళ్ల నుంచి లేచిన రెండో పంట, వయసు మూడేళ్లు. నాన్నగారు నిరుడు కాలం చేశారు, వీలునామా రాయలేదు, పాసు పుస్తకం ఇంకా ఆయన పేరునే ఉంది. అమ్మ ఈయన దగ్గరే ఉంటున్నారు. తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం, చెల్లెలిని ఆత్మకూరు వైపు ఇచ్చారు. ఎండిపోయిన బోరు స్థానంలో కొత్తది వేయించడానికి, కూతురి ఇంజనీరింగ్ ఫీజులకు ఈయన నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీతో మూడు లక్షలు తెచ్చారు. ఈలోగా ఒక కర్ర దళారి వచ్చి ఎకరాకు 70 వేల చొప్పున గుత్తగా కొంటానని, నెలాఖరులోగా మాట చెబితే 50 వేలు అడ్వాన్సు ఇస్తానని అన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. ఇంకో రెండేళ్లు ఆగితే ఆరెకరాలకూ ఏడు లక్షలు వస్తాయని, అన్నకు ఓపిక లేక నాన్న పెంచిన తోటను అప్పులకు బలిచేస్తున్నాడని అమ్మతో ఫోన్లో అన్నాడు. ఆ మాట ఈయన మనసుకు గట్టిగా తగిలింది. ఇవి చాలవన్నట్టు మరో మూడు చిక్కులున్నాయి. గట్ల మీద నాన్నగారు 2003లో నాటిన 60 ఎర్రచందనం చెట్లకు కోట్లు వస్తాయని తమ్ముడి నమ్మకం. గట్టుకు అవతల కొండ వైపు నాన్నగారు 1990 ప్రాంతంలో బాగుచేసుకున్న ఎకరంలోనూ జామాయిల్ ఉంది, అది తమ హద్దులోనిదని అటవీ శాఖ వారు అంటున్నారు. పక్క పొలం రైతేమో తన బోరు ఎండడానికి ఈ తోటే కారణమని పెద్దమనుషుల్లో పెడతానంటున్నాడు. “కొడితే తమ్ముడికి శత్రువునవుతాను, ఆగితే వడ్డీ నన్ను తినేస్తుంది, ఏం చేయమంటారు?” అన్నది ఆయన ప్రశ్న.

మీకు ఓపిక లేదన్న మాటను ముందు పక్కన పెట్టండి. మీ ఇద్దరి మధ్య తేడా గుణంలో లేదు, వడ్డీ రేటులో ఉంది. మీరు డబ్బును నూటికి ఏడాదికి 24 రూపాయల ధరకు వాడుతున్నారు. మీ తమ్ముడి డబ్బు బ్యాంకు డిపాజిట్లో నూటికి ఏడు రూపాయల దగ్గర ఉంటుందనుకుందాం. ఒకే తోటను ఈ రెండు రేట్లతో చూసిన ఇద్దరు మనుషులు ఒకే రోజున కోతకు ఒప్పుకోవడం లెక్క ప్రకారమే కుదరదు.

అంకెలు వేసి చూద్దాం. ఈరోజు గుత్త ధర ప్రకారం తోట విలువ 4 లక్షల 20 వేలు. తమ్ముడు చెప్పిన ఏడు లక్షలను నేను కొంత తగ్గిస్తున్నాను, ఎందుకంటే వానాధారపు మెట్టలో మోడు పంట నాలుగో ఏట ఉన్న ఊపుతో ఐదో ఏట పెరగదు. ఏడాది ఆగితే 5 లక్షల 40 వేలు, రెండేళ్లు ఆగితే 6 లక్షల 20 వేలు అనుకుందాం. ఇవి కేవలం లెక్క కోసం వేసుకున్న అంకెలు, మీ తోట అసలు అంకెలు పట్టుకునే దారి కింద చెబుతాను. మొదటి ఏడాది పెరిగేది లక్షా 20 వేలు. అయితే ఇక్కడ చాలామంది మరిచిపోయే ఖర్చు ఒకటి ఉంది. చెట్టు నిలబడినంత కాలం నేల కూడా ఆగి ఉంటుంది, తర్వాతి పిలకలు అంత ఆలస్యంగా మొదలవుతాయి. 1849లో మార్టిన్ ఫౌస్ట్‌మన్ అనే జర్మన్ అటవీ నిపుణుడు ఈ నేల ఖర్చును కోత వయసు లెక్కలో చేర్చాలని చూపించాడు. అడవుల ఆర్థిక శాస్త్రం ఇప్పటికీ ఆ లెక్క మీదే నడుస్తోంది. మీ మెట్టకు ఎకరా కౌలు ఐదు వేలు అనుకుంటే ఆరెకరాలకు 30 వేలు తీసివేయాలి. మిగిలిన 90 వేలు, 4 లక్షల 20 వేల మీద నూటికి 21 దాకా అవుతుంది. అది మీ 24 కంటే తక్కువ, తమ్ముడి ఏడు కంటే మూడింతలు ఎక్కువ. రెండో ఏడాదిలో పెరిగే 80 వేలలో కౌలు పోగా 50 వేలు, అంటే నూటికి తొమ్మిది. అది కూడా తమ్ముడికి లాభమే. కాబట్టి మీ అప్పు దగ్గర నిలబడి చూస్తే ఇప్పుడే కొట్టడం తప్పు కాదు, తమ్ముడి డిపాజిట్ దగ్గర నిలబడి చూస్తే రెండేళ్లు ఆగడమూ తప్పు కాదు. ఈ మెట్టల్లో తోటలు లేతగా తెగిపోవడానికి దళారుల ఆశ కంటే ఈ వడ్డీయే పెద్ద కారణమని నా అభిప్రాయం. అడవుల సుస్థిర నిర్వహణ మీద సభలు పెట్టేవారు రైతును చెట్ల సంఖ్య అడుగుతారు గానీ అప్పు ఎంత వడ్డీకి తెచ్చాడని అడగరు.

ఇక మీ ఉత్తరంలో మీరు చూడని విషయం ఒకటి ఉంది. నేల నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, తమ్ముడికి, చెల్లెలికి సమాన వాటాలు వస్తాయి. ఉత్తరం మొత్తంలో చెల్లెలి అభిప్రాయం ఏమిటో ఒక్క వాక్యం కూడా లేదు. తోట అంతా కొట్టినా మీ వంతుకు వచ్చేది లక్షా ఐదు వేలు, దానికి తోడు మొదటి కోత తర్వాత పిలకలు ఏరడానికి, దున్నకానికి, కాపలాకు మీరు పెట్టిన ఖర్చు. ఆ ఖర్చును ముందుగా మినహాయించుకునే న్యాయమైన హక్కు మీకుంది, కాగితం మీద రాసి అందరికీ చూపించండి. అప్పుడు కూడా మూడు లక్షల అప్పు తీరదు. ఏడాదికి 72 వేల వడ్డీ కాస్త 45 వేల చుట్టుపక్కలకు దిగుతుంది. నలుగురి తోట కొట్టి ఒకరి అప్పులో మూడో వంతు తీర్చడమన్నది తమ్ముడి కంటికి ఎలా కనిపిస్తోందో మీరు ఊహించగలరు. ఆయన మాట కటువుగా ఉంది, దాని వెనక ఉన్న భయం మాత్రం అర్థం లేనిది కాదు.

ఈ లెక్క నుంచే ఒక దారి కనిపిస్తుంది. ఆగడం వల్ల ఎక్కువ లాభం పొందేది తమ్ముడు కాబట్టి ఆగడానికయ్యే ఖర్చు కూడా ఆయనే భరించాలని మీరు అడగవచ్చు. ఇది రెండు రకాలుగా జరగవచ్చు. మీ వంతు కర్రను ఈనాటి విలువకు, అంటే లక్షా ఐదు వేలకు, ఆయన కొనుక్కోవచ్చు. ఆ డబ్బు నేరుగా మీ అప్పులోకి వెళ్తుంది, పెరిగే కర్ర ఆయనదవుతుంది. ధర పడినా, తుపాను వచ్చి చెట్లు కూలినా నష్టం కూడా ఆయనదే. లేదా అంతే మొత్తాన్ని బ్యాంకు వడ్డీ కంటే నూటికి ఏడాదికి రెండు రూపాయలు ఎక్కువకు మీకు అప్పుగా ఇవ్వవచ్చు. అప్పుడు పెరుగుదలలో మీ వాటా మీకే ఉంటుంది, కానీ తమ్ముడికి బాకీ ఉన్నామన్న బరువు ఇంట్లో పండగలకు కూడా తెలుస్తుంది. డబ్బు లెక్కలో రెండోది మీకు మంచిది. మీ ఉత్తరంలోని బాధను బట్టి చూస్తే మొదటిదే ప్రశాంతంగా ఉంటుందేమో, అది మీరు తేల్చుకోవాలి. ఏది చేసినా కాగితం రాసుకోండి, అమ్మను, చెల్లెలిని సంతకం చేయమనండి.

సగం కోత ఇంకొక దారి. మూడెకరాలు ఇప్పుడు కొట్టి, మూడెకరాలు ఏడాదో రెండేళ్లో ఉంచవచ్చు. అడవి నిర్వహణలో పాత సూత్రం ఇదే, మొత్తం ఒకేసారి నరకకుండా వంతుల వారీగా కొడుతూ పోతే ప్రతి రెండేళ్లకూ కొంత రాబడి ఉంటుంది, ధర పడిన ఏడాదికి తోట మొత్తం చిక్కదు. జామాయిల్ ధర ఎలా ఆడుతుందో మీకు తెలిసిందే. ధర పడితే రైతులు మోళ్లు పెకలించి వేరే పంటకు వెళ్తారు, నాలుగేళ్లకు కర్ర కరువై ధర లేస్తుంది, అది చూసి అందరూ మళ్లీ నాటుతారు, అవి ఒకేసారి కోతకు వచ్చి ధరను మళ్లీ పడగొడతాయి. కొనే మిల్లులు కొన్నే, అమ్మే రైతులు వేలమంది. తమ్ముడి ఏడు లక్షల్లో ఈ ప్రమాదం ఎక్కడా లేదు. సగం కోతకు ఉన్న ఇబ్బంది కోత ముఠా, లారీ. కర్ర తక్కువైతే వారు రావడానికి మొగ్గు చూపరు, వచ్చినా కూలి, కిరాయి టన్నుకు ఎక్కువ పడతాయి. పక్కన కోతకు వచ్చిన తోట ఎవరిదైనా ఉంటే కలిపి కొట్టించుకోవచ్చు.

ఏ దారి పట్టినా ముందు తోటను కొలవండి. నాలుగు మూలల్లోనూ నడుమనూ కలిపి ఒక యాభై పిలకలకు నేల నుంచి ఛాతీ ఎత్తులో, సుమారు 1.37 మీటర్ల దగ్గర, పెయింటుతో గీత పెట్టి దర్జీ టేపుతో చుట్టుకొలత రాసుకోండి. మోడుకు రెండు పిలకలుంటే రెండూ కొలవాలి. ఆరు నెలల తర్వాత అదే గీత మీద మళ్లీ కొలవండి. కర్ర బరువు చుట్టుకొలతతో సమానంగా కాక దాని వర్గంతో పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల పిలక 33 అయితే చుట్టుకొలత పదో వంతే పెరిగినట్టు కనిపిస్తుంది, కర్ర మాత్రం నూటికి 21 పెరిగినట్టు. మీ అప్పు ఆరు నెలల్లో నూటికి 12 పెరుగుతుంది. దానితో పోటీ పడాలంటే 30 సెంటీమీటర్ల పిలక ఆ ఆరు నెలల్లో 31.8 దాటాలి. తమ్ముడి డిపాజిట్‌ను దాటడానికి అర సెంటీమీటరు చాలు. ఎత్తు పెరగడం ఈ లెక్కలో లేదు కాబట్టి చెట్టుకు కొంత అనుకూలంగా సర్దుకోవచ్చు, నేల కౌలు కూడా ఇందులో లేదు కాబట్టి కొంత వెనక్కీ లాగాలి. మన జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. వేసవి కొలతలు మాత్రమే చూసి తోట ఆగిపోయిందనుకోవద్దు, సెప్టెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి కొలిస్తే నిజం తెలుస్తుంది. ఈ కొలతల కాగితాన్ని తమ్ముడికి ఫోన్లో పంపితే అన్నదమ్ముల మాటల్లో ఓపిక పోయి సెంటీమీటర్లు వస్తాయి.

ఇప్పుడు అప్పు సంగతి. నేల నాన్నగారి పేరునే ఉన్నంతకాలం బ్యాంకు మీ వైపు చూడదు. వారసుల పేరిట మ్యుటేషన్ చేయించుకుని పాసు పుస్తకం వస్తే కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల దాకా పంట రుణం నూటికి ఏడు వడ్డీకి దొరుకుతుంది, గడువులో కడితే అది నాలుగుకు దిగుతుంది. అది పాత చేబదులు తీర్చుకోవడానికి ఇచ్చేది కాదు, కానీ వచ్చే పంట పెట్టుబడికి మళ్లీ రెండు రూపాయల వడ్డీ దగ్గరకు వెళ్లే అవసరం తప్పుతుంది. మీ వడ్డీ తగ్గిన రోజున తోటను ఆపే శక్తి మీకూ వస్తుంది. తోట పంచాయితీలో మీరు ఏదీ చేయకపోయినా ఈ పని మాత్రం చేయండి.

బోరు విషయంలో పక్క రైతు మాటను కొట్టిపారేయకండి. వేగంగా పెరిగే చెట్టు ఆ పెరుగుదలకు తగినంత నీరు తాగుతుంది, గట్టు పక్కన ఉన్న వరుసల వేర్లు పొరుగు కయ్యలోకి పోయి పైరును గుంజేస్తాయి. అంతమాత్రాన లోతైన బోరు ఎండడానికి మీ ఆరెకరాలే కారణమని కూడా ఎవరూ నిరూపించలేరు, ఎందుకంటే మీ బోరు కూడా ఎండింది, ఊళ్లో మిగతా బోర్లు ఎన్ని ఎండాయో మీకు తెలుసు. ఆయన గట్టు వెంట లోతుగా కందకం తవ్వించి, కోత తర్వాత ఆ పక్క రెండు వరుసల మోళ్లను వదిలేస్తానని మీరే ముందు చెబితే పెద్దమనుషుల దాకా వెళ్లకపోవచ్చు. మీకు పోయేది కొద్దిపాటి కర్ర.

ఈ తోటలు అసలు మన మెట్టకు ఎందుకు వచ్చాయో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ తమ్ముడు దీన్ని నాన్న జ్ఞాపకంగా మాత్రమే చూస్తున్నారు. 1988 నాటి జాతీయ అటవీ విధానం ప్రభుత్వ అడవుల నుంచి పరిశ్రమలకు చవక ధరకు కర్ర ఇవ్వడం తగదని, వాటికి కావలసిన ముడిసరుకును రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పండించుకోవాలని చెప్పింది. ఆ తర్వాత కాగితపు మిల్లులు క్లోన్ మొక్కలు పట్టుకుని నెల్లూరు, ప్రకాశం మెట్టలకు వచ్చాయి, జామాయిల్, సుబాబుల్, తీరం వైపు సర్వి (సరుగుడు) విస్తరించాయి. గుజ్జుకు కర్ర మీ చేలో పండుతోంది కాబట్టే వెలిగొండ అడవి మీద ఆ మేరకు గొడ్డలి తగ్గింది. ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసేవారికి కావలసిన నర్ది, బిక్కి కర్ర కొండ మీదే పెరగాలి, దానికి మారుగా చేలో ఏదీ పండదు. మీరు మూడేళ్లకు కొట్టినా ఐదేళ్లకు కొట్టినా మోళ్లు బతికి పిలకలు వస్తే అది పంటే, అడవికి చేసిన ద్రోహమేమీ కాదు. మోళ్లు బతకాలంటే మాత్రం నడి వేసవిలో కొట్టించకండి, రంపంతో నేలకు దగ్గరగా, పగుళ్లు రాకుండా కోయించండి.

ఎర్రచందనం దగ్గర మాత్రం తమ్ముడు చెప్పిన ఆగడమే సరైనది, ఆయన చెప్పిన కోట్లు సరైనవి కావు. ఈ చెట్టు సహజంగా వెలిగొండ, శేషాచలం, లంకమల, పాలకొండల చుట్టుపక్కల తప్ప మరెక్కడా పెరగదు. ధర అంతా లోపలి ఎర్రటి చేవకే, పైనున్న తెల్లచెక్కకు విలువ లేదు. పత్రికల్లో కనిపించే వేలం ధరలు కొండల్లో ఏళ్ల తరబడి ముదిరిన దుంగలవి. 2003లో గట్టు మీద నాటిన చెట్టులో చేవ ఇంకా సన్నంగానే ఉంటుంది. అయితే అవి గట్టు మీదున్నాయి, ఎకరాలు ఆక్రమించలేదు, కాబట్టి వాటిని ఇంకో పది పదిహేనేళ్లు ఉంచినా నేల ఖర్చు దాదాపు ఉండదు. జామాయిల్‌కు మీరు వేసుకోవలసిన కౌలు లెక్క వీటికి వర్తించదు. వీటి ఖర్చు కాపలా, దొంగల భయం. జామాయిల్, సుబాబుల్, సర్వి కర్రకు నిబంధనలు సడలించినట్టు దీనికి సడలించలేదు. పట్టా నేలలోదైనా సరే అటవీ శాఖ అనుమతితోనే కొట్టాలి, రవాణా పర్మిట్‌తోనే కదిలించాలి. ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఇది 1995 నుంచి ఉంది. 2023లో ఆ ఒప్పందపు ప్రత్యేక వ్యాపార సమీక్ష నుంచి భారతదేశపు ఎర్రచందనాన్ని తొలగించడం సాగుచేసిన రైతులకు కొంత మేలే. మీరు ఇప్పుడు చేయవలసింది చెట్ల సంఖ్యను అడంగల్‌లో, అంటే రెవెన్యూ వారి పంటల లెక్కలో, ఎక్కించడం, అటవీ శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా తెలియజేసి రశీదు తీసుకోవడం. “పర్మిట్లు మేం చూసుకుంటాం” అంటూ వచ్చే మనిషికి ఒక్క కొమ్మ కూడా అమ్మవద్దు. 2016లో మన రాష్ట్ర అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలు బాగా పెంచారు. అలాంటి మనిషి తప్పించుకున్నా మీరు తప్పించుకోలేరు.

కొండ వైపు ఎకరం గురించి ఆశ పెట్టవద్దనే చెప్పాలి. అది రిజర్వు అడవి హద్దులో ఉంటే 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత చేసిన సాగు అవుతుంది. అటవీ హక్కుల చట్టం కింద గిరిజనేతరులు హక్కు కోరాలంటే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ అడవి మీద ఆధారపడి ఉన్నట్టు చూపాలి, 1990 అందుకు చాలదు. హద్దు మీద మీకు నిజంగా అనుమానం ఉంటే రెవెన్యూ, అటవీ శాఖల సంయుక్త సర్వేకు దరఖాస్తు పెట్టండి. అది తేలేదాకా ఆ ఎకరంలోని కర్రను దళారి గుత్తలో కలపనివ్వకండి. ఆ కర్ర ఒక్క కట్ట కలిసినా లారీ మొత్తాన్ని పట్టుకునే అధికారం వారికుంది, అప్పుడు మీ పట్టా కర్రకు కూడా మీరే జవాబు చెప్పుకోవాలి.

చివరిగా దళారి గడువు. గుత్తకు ఒప్పుకోకుండా తొక్క తీసిన కర్రకు టన్ను ధర అడగండి, కాటా మీరు చూపించిన చోట వేయాలనండి, కొట్టిన ఎన్నో రోజున తూకం వేస్తాడో కూడా ముందే తేల్చుకోండి, ఎందుకంటే ఎండలో పడి ఉన్న కర్ర రోజురోజుకూ బరువు తగ్గుతుంది, ఆ తరుగు ఎవరి ఖాతాలో పడుతుందో అడ్వాన్సు తీసుకోకముందే మాట్లాడుకోవాలి. ఆయన టన్ను ధరకు రాకపోతే తోట మధ్యలో పది మీటర్లకు పది మీటర్ల చదరం గీసి, అందులోని చెట్లు మీరే కొట్టించి తూయించండి. ఎకరంలో అలాంటి చదరాలు సుమారు నలభై పడతాయి, ఆ బరువును నలభైతో పెంచితే ఎకరా కర్ర ఎంతో తెలుస్తుంది, ఎకరాకు 70 వేలన్నది మంచి ధరో కాదో అప్పుడు చెప్పవచ్చు. ఆ కాటా చీటీ, కొలతల కాగితం, మీ ఖర్చుల పట్టీ చేతిలో పెట్టుకుని అమ్మ, చెల్లెలు కూడా ఉన్నప్పుడు తమ్ముడితో మాట్లాడండి. దానికి నెలాఖరు సరిపోకపోతే ఆ 50 వేల అడ్వాన్సును పోనివ్వండి, కోతకు వచ్చిన తోట దగ్గరకు ఇంకో దళారి వస్తాడు.